ప్రోగ్రామింగు ప్రయోగ తరగతుల పుట్టుపూర్వోత్తరములు

బొగ్గుగనిలో క్రొత్తగా చేరిన మనిషికి ఉపన్యాసము మాత్రము వినిపించి గనిలోనికి దింపరు. 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నియమముల ప్రకారము అతడు మొదట శిక్షణ కేంద్రమునకు పోవలెను. అక్కడ కొంత వినవలెను, కొంత చూడవలెను, కొంత అనుభవము గలవాని ప్రక్కన నిలిచి తన చేతితో చేయవలెను. రామగుండము, గోదావరిఖని ప్రాంతములోని సింగరేణి కుటుంబములలో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడ తెలియును.

ఆ కుటుంబముల పిల్లలు నేడు అనేకులు కంప్యూటరు శాస్త్రము చదువుచున్నారు. 2010లో ఆరంభమైన మంథని జె.ఎన్.టి.యు.హెచ్. ఇంజనీరింగు కళాశాల రామగిరి మండలములోని సెంటినరీ కాలనీలో, అనగా సరిగా గనుల నడుమనే ఉన్నది. గోదావరిఖని డిగ్రీ కళాశాలలు 2008లో ఏర్పడిన శాతవాహన విశ్వవిద్యాలయము పరిధిలోనివి. ఏ కళాశాలలో చేరినను మొదటి సంవత్సరపు విద్యార్థి టైంటేబులులో 'ల్యాబు' అను మాట కనబడును. ఆ గంటలలో విద్యార్థి ఏమి చేయవలెను? ఒక యంత్రము ముందు ఎందరు కూర్చుండవలెను? అతడు వ్రాసినది సరియో కాదో ఎవరు చెప్పవలెను? ఈ ప్రశ్నలు చిన్నవిగా కనబడును గాని వాటి వెనుక డెబ్బదియైదు సంవత్సరముల చరిత్ర కలదు.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములో మారిస్ విల్క్స్ నాయకత్వమున నిర్మించిన ఎడ్సాక్ అను యంత్రము 1949 మే 6వ తేదీన మొదటిసారి ప్రోగ్రామును నడిపి వర్గముల పట్టికను అచ్చువేసెను. పని చేయు యంత్రము దొరికినది, ఇక ఆజ్ఞలు వ్రాయుట సులభమని అందరును తలచిరి. కొలది వారములలోనే విల్క్స్ ఒక అవకలన సమీకరణమును సాధించుటకు 126 వరుసల ప్రోగ్రాము వ్రాసెను. దానిలో సుమారు ఇరువది తప్పులు దొరలెను. తన శేషజీవితములో మంచి భాగము తన ప్రోగ్రాములలోని తప్పులు వెదకుటకే సరిపోవునని అప్పుడు తనకు తోచినదని ఆయన తరువాతి కాలమున స్మృతులలో వ్రాసికొనెను. ప్రోగ్రామింగు విద్యకు నిజమైన ఆరంభము ఇదియేనని చెప్పవచ్చును. తప్పులు అజ్ఞానము వలననే కలుగునవి కావు, అవి ఈ పనిలో సహజము. కనుక వాటిని పట్టుకొనుట కూడ నేర్పవలసిన విద్యయే అని తేలినది.

1950లో కేంబ్రిడ్జిలో వేసవి పాఠశాల నడిపిరి. 1951లో విల్క్స్, వీలర్, గిల్ అను మువ్వురు కలసి ప్రోగ్రాము రచనపై పుస్తకము వెలువరించిరి. 1953లో సంఖ్యా విశ్లేషణము, స్వయంచాలక గణనము అను విషయములలో డిప్లొమా తరగతి ప్రారంభమయ్యెను. కంప్యూటరు విద్యలో ప్రపంచమున మొదటి పట్టా ఇదే. విద్యార్థి తన ప్రోగ్రామును కాగితపు టేపుపై రంధ్రములుగా కొట్టి తెచ్చి, బట్టలు ఆరవేసినట్లు ఒక తీగపై తగిలించి పోయెడివాడు. యంత్రము నడుపువారు వరుసగా ఒక్కొక్క టేపును తీసి నడిపెడివారు. ప్రయోగశాలలో 'వంతు' అను మాట ఆ తీగతోనే వచ్చినది.

ఈ వంతుయే తరువాతి పదునైదు సంవత్సరములు విద్యార్థులను వేధించెను. యంత్రములు లక్షల విలువ గలవి. వాటి నిమిషము విద్యార్థి దినముకంటె ప్రియమైనది. అందుచేత విద్యార్థి యంత్రమును తాకకుండ, కార్డుల కట్టను కిటికీలో ఇచ్చి పోయి, మరునాడు వచ్చి ఫలితపు కాగితము తీసికొనవలసి యుండెను. ఒక్క కామా తప్పినచో ఆ దినము వ్యర్థమే.

ఇక ఉపాధ్యాయుని సంగతి. అరువదిమంది అరువది విధములుగా వ్రాసిన ప్రోగ్రాములను దిద్దుట ఎట్లు? అమెరికాలోని రెన్సెలార్ పాలిటెక్నిక్ సంస్థలో జాక్ హోలింగ్స్‌వర్త్ అను అధ్యాపకుడు ఐ.బి.ఎం. 650 యంత్రముపై దీనికొక ఉపాయము పన్నెను. దిద్దు పనిని కూడ ఒక ప్రోగ్రామునకే అప్పగించెను. విద్యార్థి కార్డులను దిద్దుబాటు ప్రోగ్రాముతో జతచేసి నడిపినచో, అది తానే దత్తాంశములను అందించి, వచ్చిన జవాబును సరిచూచి మంచిచెడ్డలు తెలుపును. 1960లో ఆయన దీనిని ప్రకటించెను. నేటి ఆన్‌లైన్ పరీక్షలలో 'టెస్టుకేసులు' అని విద్యార్థులు వ్యవహరించు పద్ధతికి మూలము ఇచ్చటనే ఉన్నది.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయములో మరొక చిత్రము జరిగెను. ఫోర్ట్రాన్ భాషను యంత్రభాషగా మార్చు అనువాదక ప్రోగ్రాములు పెద్ద పెద్ద లెక్కలకై తయారైనవి. విద్యార్థి వ్రాసిన ఇరువది వరుసలకు అవి చాల కాలము తీసికొనెడివి. తప్పు చేసినచో అవి చెప్పు మాట అర్థము కాదు. 1965 వేసవిలో వెస్ గ్రాహం ప్రోత్సాహమున నలుగురు విద్యార్థులే కూర్చుండి వాట్‌ఫర్ అను క్రొత్త అనువాదకమును వ్రాసిరి. అది త్వరగా పని చేయును, తప్పును మనిషికి తెలియు మాటలలో చెప్పును. ఆ ప్రోగ్రాము ఎన్నో దేశముల కళాశాలలకు ప్రాకెను. అంతకు ఒక సంవత్సరము ముందే, 1964 మే 1వ తేదీ తెల్లవారుజామున, డార్ట్‌మౌత్ కళాశాలలో కెమెనీ, కర్ట్జ్ అను గణితాచార్యులు బేసిక్ భాషను నడిపి చూపిరి. వారి యంత్రము ఒకే సమయమున పలువురి టెలిటైపులకు జవాబు చెప్పగలదు. సాహిత్యము చదువు విద్యార్థి కూడ వచ్చి కూర్చుండి, వ్రాసి, తప్పు తెలిసికొని, అప్పుడే దిద్దుకొనవచ్చును. కిటికీ పోయి కుర్చీ వచ్చినది. బోధన దృష్టితో చూచినచో ఆనాటి పరిశోధనలలో దీనికంటె గొప్పది లేదు.

భారతదేశమునకు వత్తము. 1963 ఆగస్టులో కాన్పూరు ఐ.ఐ.టి.కి ఐ.బి.ఎం. 1620 అను యంత్రము వచ్చెను. ఇదొక విచిత్ర యంత్రము. దీనిలో కూడిక చేయు పరికరము లేదు. ఎక్కములు వల్లించు పిల్లవానివలె, జ్ఞాపకస్థానములో ఉంచిన కూడిక పట్టికను చూచి జవాబు చెప్పును. కూడరాదు, కూడ ప్రయత్నింపనైన ప్రయత్నింపదు అని అమెరికాలో దీనిపై పరిహాసము కలదు. కాని దానిపై ఫోర్ట్రాన్ నడచును. విద్యార్థికి కావలసినది అదియే. వి. రాజారామన్, హెచ్.ఎన్. మహాబల మొదలగు యువ అధ్యాపకులు అచ్చట ఒక ముఖ్యమైన నిర్ణయము గైకొనిరి. యంత్రమును కొలదిమంది పరిశోధకులకు దాచి ఉంచక, ఇంజనీరింగు విద్యార్థులందరికిని ప్రోగ్రామింగు నేర్పవలెననిరి. అంతేగాక దేశమంతటి నుండి వచ్చిన అధ్యాపకులకు, శాస్త్రజ్ఞులకు పది దినముల తరగతులు నడపిరి. ఉదయము పాఠము, తరువాత కార్డులు కొట్టుట, యంత్రము వద్ద ఫలితము చూచుట, తప్పులు దిద్దుట. అట్లు నేర్చినవారు తమ ఊళ్ళకు పోయి తమ విద్యార్థులకు నేర్పిరి. రాజారామన్ వ్రాసిన ప్రోగ్రామింగు పాఠ్యగ్రంథము 1969లో వెలువడి, తక్కువ వెలకు దొరకుటచేత, కంప్యూటరును కన్నులార చూడని విద్యార్థులకు కూడ చేరెను.

తెలుగునాట ఈ కథలో మొదట చెప్పవలసిన పేరు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు గ్రామమున 1914లో జన్మించిన అయ్యగారి సాంబశివరావు గారిది. ఆయన నేతృత్వమున 1967 ఏప్రిల్ 11న హైదరాబాదులో స్థాపితమైన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ 1969లో టి.డి.సి. 12 అను కంప్యూటరును, తరువాత 312, 316 అను వాటిని తయారు చేసెను. స్వదేశీ యంత్రములు విశ్వవిద్యాలయములకు, పరిశోధనాలయములకు కొన్నిటికి చేరెను. అయితే అవి కొలదియే. ఆ కాలమున రామగుండములో ఎరువుల కర్మాగారము లేచుచుండెను; 1978 నవంబరు 14న తాప విద్యుత్కేంద్రమునకు శంకుస్థాపన జరిగెను. ఇంత పరిశ్రమ పెరిగిన చోట కూడ విద్యార్థికి కంప్యూటరు అనునది వార్తాపత్రికలోని మాట మాత్రమే. 1984-85లో కేంద్ర ప్రభుత్వము 250 పాఠశాలలలో బి.బి.సి. మైక్రోకంప్యూటర్లతో ఒక పథకము ఆరంభించెను. పాఠశాలకు యంత్రము పోవుట మొదటిసారి అదియే గాని, అట్టి పాఠశాలలు జిల్లాకొకటి కూడ రావు.

వ్యక్తిగత కంప్యూటర్లు చౌకయైన పిమ్మట, 1990 దశకము నుండి తెలుగునాట ఇంజనీరింగు కళాశాలలు పెరిగెను. యంత్రముల కొరత క్రమముగా తగ్గెను. కాని అప్పుడే వేరొక కొరత బయటపడెను. దీనిపై కొంచెము నిలిచి చూడవలెను.

భౌతిక, రసాయన శాస్త్రముల ప్రయోగశాల ఆచారము మన కళాశాలలలో పాతది. అబ్జర్వేషను పుస్తకము, రికార్డు, అధ్యాపకుని సంతకము, సంవత్సరాంతమున బయటి పరీక్షకుడు, వైవా. ప్రోగ్రామింగు ల్యాబు వచ్చినప్పుడు ఈ ఆచారమునంతను ఎత్తి దానిపై పెట్టిరి. వారమునకింత చొప్పున ప్రోగ్రాముల జాబితా ఇచ్చిరి: ఫిబొనాచి శ్రేణి, ప్రధాన సంఖ్యలు, మాత్రికల గుణకారము, పాలిండ్రోము, ఆర్మ్‌స్ట్రాంగ్ సంఖ్య. జాబితా సంవత్సరము తరువాత సంవత్సరము ఇంచుమించు అదియే. రసాయన ప్రయోగశాలలో లవణ విశ్లేషణము చేయునప్పుడు ప్రతి విద్యార్థికిని ఏ లవణమో చెప్పకుండ వేరువేరుగా ఇత్తురు; ప్రక్కవాని జవాబు వీనికి పనికిరాదు. కావున వీడు ఆమ్లము పోయవలెను, అవక్షేపము చూడవలెను. ప్రోగ్రామింగు ల్యాబులో 'లవణము' పేరు ముందే తెలిసిపోయినది. సీనియరు రికార్డు చూచి జూనియరు వ్రాయును. వ్రాసినదానిని చూచి టైపు చేయును. ఆచారములోని తంతు వచ్చినది గాని దాని ప్రాణము రాలేదు.

భాష విషయములో కూడ ఇట్టిదే జరిగెను. 1970లో నిక్లాస్ వర్త్ ప్రత్యేకముగా బోధన కొరకే పాస్కల్ భాషను రూపొందించెను. మన కళాశాలలు క్రమముగా దానిని విడిచి, డెనిస్ రిచీ 1972 ప్రాంతమున వ్యవస్థా నిర్మాణము కొరకు చేసిన సి భాషను మొదటి భాషగా గైకొనినవి. అది ఉద్యోగమునకు పనికివచ్చునని కారణము చెప్పిరి. 1987లో బోర్లాండు సంస్థ వెలువరించిన టర్బో సి యొక్క నీలిరంగు తెర, దాని కాలము చెల్లిన చాల ఏండ్ల తరువాత కూడ మన ల్యాబులలో వెలుగుచునే ఉండెను. తెర తుడుచు ఆజ్ఞ మొదటి వరుసలో లేనిదే ప్రోగ్రాము కాదని నమ్మిన తరములు కలవు. నిజమునకు అది ప్రామాణిక సి భాషలోనిదే కాదు.

ఇది మన దేశపు లోపము మాత్రమే అనుకొనరాదు. 2001లో మక్రాకెన్ మొదలగువారు నాలుగు విశ్వవిద్యాలయములలోని 216మంది విద్యార్థులకు, మొదటి ప్రోగ్రామింగు పాఠ్యక్రమము ముగిసిన పిమ్మట, చిన్న కాలిక్యులేటరు వంటి సమస్యలిచ్చి పరీక్షించిరి. 110 మార్కులకు సగటు 22.89 వచ్చెను. అంతకుముందు 1983లో యేల్ విశ్వవిద్యాలయమున ఎలియట్ సోలోవే, అతని సహచరులు ఇచ్చిన ఒక లెక్క ఇంకను ప్రసిద్ధము. దానిని గోదావరిఖని మాటలలో ఇట్లు చెప్పవచ్చును: గని నుండి వచ్చు ఒక్కొక్క బొగ్గు లారీ బరువును వరుసగా చదువవలెను, 99999 వచ్చినప్పుడు లారీలు అయిపోయినవని గ్రహించి, అప్పటివరకు వచ్చిన బరువుల సగటు చెప్పవలెను.

వినుటకు ఇది చాల సులభము. అయినను పాస్కల్ భాషలో క్రొత్తగా వలయములు నేర్చినవారిలో నూటికి 14మందియే దీనిని సరిగా వ్రాయగలిగిరి. ఏల? విద్యార్థికి కూడిక తెలియును, లెక్కించుట తెలియును, వలయము తెలియును, భాగహారము తెలియును. వీనిని ఒకదానితో నొకటి అల్లుట తెలియదు. ఒకడు 99999ని కూడ బరువులలో కలుపును. ఒకడు మొదటి లారీని లెక్కించుట మరచును. ఆ దినము సమ్మె జరిగి ఒక్క లారీయును రానిచో ఏమగును? మొత్తము సున్న, లారీలు సున్న. సున్నచేత భాగింపుమని యంత్రమును అడిగినట్లగును. ఈ ప్రశ్న విద్యార్థికి తోచుటయే ప్రయోగ తరగతి ఫలము. రికార్డు నకలు వ్రాసినవానికి అది తోచదు, వాని రికార్డులో అట్టి దినము ఎన్నడును రాలేదు గనుక.

ఇక గోదావరి వెంట పైకి పోయినచో బాసర కలదు. 2008లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము రాజీవ్ గాంధి విజ్ఞాన సాంకేతిక విశ్వవిద్యాలయమును స్థాపించి బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ప్రాంగణములు తెరచెను. దీనికి ప్రేరకుడు చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, 1994లో ట్యూరింగు పురస్కారము పొందిన రాజ్ రెడ్డి. పదవ తరగతి ముగిసిన పల్లె పిల్లలను తీసికొని ఆరు సంవత్సరములు చదివించుట ఇచ్చటి పద్ధతి. ప్రభుత్వ పాఠశాలలో చదివిన విద్యార్థికి ప్రవేశములో 0.4 గ్రేడు పాయింట్లు అదనముగా కలిపిరి. చాలమంది తెలుగు మాధ్యమము నుండి వచ్చినవారు, ఇంటిలో కంప్యూటరు లేనివారు. వారిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క లాప్‌టాపు ఇచ్చిరి.

ఇది కేంబ్రిడ్జి తీగకు పూర్తిగా ఎదురు కొన. వంతు లేదు, కిటికీ లేదు, రెండు గంటల ల్యాబు గడియారము లేదు. రాత్రి హాస్టలు గదిలో కూడ ప్రయోగము చేయవచ్చును. దృశ్యపాఠములు యంత్రములోనే వచ్చెడివి, మెంటర్లు తరగతిలో ఉండెడివారు. కష్టము మరొక చోట తలయెత్తెను. చేతిలో యంత్రమున్నను, ప్రక్కన నిలిచి తప్పు చూపు మనిషి లేనిచో క్రొత్తవాడు ముందుకు పోలేడు. పైగా యంత్రము చెప్పు తప్పుల మాటలు ఆంగ్లములో ఉండును, అదియు పొడిపొడి ఆంగ్లము. యంత్రములు కొనుటకంటె అట్టి మనుషులను సమకూర్చుట కష్టము. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా ఐదు భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధనకు కొన్ని కళాశాలలకు అనుమతి ఇచ్చినది. పాఠము తెలుగులో చెప్పినను అనువాదక ప్రోగ్రాము మందలింపు మాత్రము ఆంగ్లములోనే వచ్చును. 1965లో వాటర్లూ విద్యార్థులు తీర్చిన లోటు మన పిల్లలకు సగమే తీరినది.

ఇద్దరు విద్యార్థులు ఒకే యంత్రము ముందు కూర్చుండుట మన ల్యాబులలో పేదరికపు గుర్తుగా ఎంచుదురు. ఉత్తర కరోలినాలో లారీ విలియమ్స్ అను ఆచార్యురాలు 2000 ప్రాంతమున దీనినే ఒక పద్ధతిగా పరీక్షించెను. ఒకరు వ్రాయవలెను, ఇంకొకరు చదువుచు ప్రశ్నింపవలెను. కొంతసేపటికి స్థానములు మారవలెను. ఈ మార్పు అనునదే ఆయువుపట్టు. మార్పు లేనిచో ఇంటి వద్ద కంప్యూటరున్న విద్యార్థియే సంవత్సరమంతయు మీటలు నొక్కును. ప్రక్కనున్న కార్మికుని కుమార్తె సంవత్సరమంతయు చూచుచుండును. హాజరు పట్టీలో ఇద్దరికిని ఒకటే గుర్తు పడును. అధ్యాపకుడు పదునైదు నిమిషముల కొకసారి చప్పట్లు కొట్టి కుర్చీలు మార్పించుటకు ఖర్చేమియు లేదు.

దిద్దుట విషయములో హోలింగ్స్‌వర్త్ ఉపాయము మన దేశములోను పెరిగినది. కాన్పూరు ఐ.ఐ.టి.లో అమేయ కర్కరే బృందము మొదటి సంవత్సరపు సి తరగతి కొరకు ప్రూటర్ అను వ్యవస్థను నిర్మించెను. విద్యార్థి ప్రోగ్రామును అది పరీక్షించుటయే గాక, వ్రాయుచుండగా దశదశలుగా అది ఎట్లు మారినదో భద్రపరచును. తుది జవాబుకంటె ఆ మార్పుల త్రోవ ఉపాధ్యాయునకు ఎక్కువ చెప్పును. 2018 జనవరిలో సాంకేతిక విద్యామండలి ప్రకటించిన నమూనా పాఠ్యక్రమములో 'సమస్యాసాధనకు ప్రోగ్రామింగు' అను పాఠమునకు వారమునకు మూడు గంటల ఉపన్యాసము, నాలుగు గంటల ప్రయోగము నిర్ణయించిరి. ప్రయోగమునకు ఉపన్యాసముకంటె ఎక్కువ కాలమిచ్చుట గమనింపదగినది. విశ్వవిద్యాలయములు దానిని తమ తమ టైంటేబులులలో ఇముడ్చునప్పుడు మొదట కోతపడునది కూడ ఆ ప్రయోగపు గంటలే.

ఇంతలో క్రొత్త చిక్కు వచ్చెను. 2022లో న్యూజిలాండు, ఇతర దేశముల పరిశోధకులు కోడెక్స్ అను కృత్రిమ మేధకు మొదటి సంవత్సరపు ప్రోగ్రామింగు పరీక్ష ప్రశ్నలిచ్చి, వచ్చిన మార్కులను 71మంది విద్యార్థుల మార్కులతో పోల్చిరి. అది 17వ స్థానమున నిలిచెను. సోలోవే లెక్క యొక్క పలు రూపములను కూడ దానికిచ్చి చూచిరి. అదే సంవత్సరము నవంబరులో చాట్ జి.పి.టి. జనసామాన్యమునకు అందుబాటులోనికి వచ్చెను. ఇప్పుడు సీనియరు రికార్డు కూడ అక్కరలేదు. ఫోనులో అడిగినచో రికార్డు తానే వచ్చును.

ల్యాబులో ఫోనులు లాగుకొనుట దీనికి జవాబు కాదు. పాత ఆచారములో ఒక వస్తువు మాత్రము ఈ దెబ్బకు చెక్కుచెదరలేదు, అది వైవా. అయితే 'వేరియబులు అనగానేమి' అను నిర్వచనముల వైవా కాదు. విద్యార్థి తెచ్చిన ప్రోగ్రామునే తెరపై పెట్టి, పరీక్షకుడు అందులో ఒక వరుసను మార్చవలెను. వలయములోని గుర్తు '<' ఉన్నచోట '<=' చేయవచ్చును; లేదా లెక్క పెంచు వరుసను చదువు వరుసకు ముందునకు జరుపవచ్చును. మీట నొక్కక ముందే, ఇప్పుడు సగటు ఎంత వచ్చునో, ఏల వచ్చునో కాగితముపై వ్రాయుమని అడుగవలెను. తరువాత ఇద్దరును కలసి నడిపి చూడవచ్చును. ఒక్కొక్కరికి ఐదు నిమిషములు చాలును. ముప్పదిమంది బ్యాచికి ఒక మధ్యాహ్నము పట్టును.